సెప్టెంబర్ 17: గోడపత్రిక చిరిగిన తర్వాత

2022 సెప్టెంబర్ 14, బుధవారం. మధ్యాహ్న భోజనం అయ్యి పిల్లలు పళ్ళాలు కడుక్కుంటున్న వేళ, పదో తరగతి వరండాలో గోడపత్రిక చిరిగింది. రాసింది ఆ క్లాసు అబ్బాయే, చింపింది ఆ క్లాసు అమ్మాయే. డ్రాయింగ్ షీటు మీద స్కెచ్ పెన్నులతో అబ్బాయి పెట్టిన హెడ్డింగు "ముస్లింల పాలన నుంచి మనకు విమోచన". నేను స్టాఫ్ రూమ్ నుంచి పరుగెత్తుకొచ్చేసరికి పై సగం అమ్మాయి చేతిలో ఉంది. "మనకు విమోచన" అన్న ముక్క ఇంకా గోడకే అంటుకుని ఉంది. ఆమె ఏడవడం లేదు. ఆ ముక్క మీద వేలు పెట్టి, "మనకు అంటే ఎవరికి సార్? నేను మనలో లేనా?" అని అడిగింది.

అప్పుడు నేను సిద్దిపేట జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. బడి పేరు, మనుషుల పేర్లు రాయను. నాలాగే బళ్ళో చరిత్ర చెప్పేవాళ్ళు ఇలాంటి గొడవ వచ్చినప్పుడు ఏం చేశావని తరచూ అడుగుతున్నారు. చేసిందీ, చేసి చెడగొట్టిందీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ వారం పరిస్థితి

1948లో నిజాం ఏలుతున్న హైదరాబాద్ రాజ్యం భారత సైన్యానికి లొంగిపోయిన రోజు సెప్టెంబర్ 17. ఆ ఏడాది ఆ రోజుకి పేర్లే పెద్ద పంచాయితీ. కేంద్రం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో "హైదరాబాద్ విమోచన దినం" జరుపుతోంది. రాష్ట్ర ప్రభుత్వం "తెలంగాణ జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలు" అని మూడు రోజుల కార్యక్రమం ఇచ్చింది. మజ్లిస్ (ఎంఐఎం) తిరంగా ర్యాలీ తీసింది. కమ్యూనిస్టులకు అది సాయుధ పోరాటం గుర్తు చేసుకునే రోజు. వాళ్ళలోనే కొందరు "విద్రోహ దినం" అంటారు, ఎందుకంటే నిజాం లొంగిపోయాక సైన్యం రైతు దళాల మీదికి తిరిగింది, ఆ పోరాటం 1951 అక్టోబర్‌లో గానీ ఆగలేదు. "విలీనం" అనేవాళ్ళు వేరే. అటు మరాఠ్వాడాలో అదే రోజు ముక్తి సంగ్రామ్ దినం, ఇటు కల్యాణ కర్ణాటకలో ఉత్సవం. 2024లో మన దగ్గర ఇంకో పేరు చేరింది, "ప్రజాపాలన దినోత్సవం".

పెద్దవాళ్ళే ఒక పేరు మీద నిలబడలేని రోజు గురించి పదిహేనేళ్ళ పిల్లల్ని గోడపత్రిక రాయమన్నది నేనే. హెడ్డింగు చూడకుండా అంటించనిచ్చిందీ నేనే.

సాయంత్రానికి చిరిగిన షీటు ఫోటో రెండు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఒకదాంట్లో "మన చరిత్రను చింపేశారు" అని, ఇంకోదాంట్లో "బళ్ళో మన పిల్లల మీద విషం" అని. ఫోటో ఒకటే. మర్నాడు పొద్దున అబ్బాయి నాన్న నలుగురు కుర్రాళ్ళతో వచ్చాడు. అమ్మాయి నాన్న మసీదు కమిటీ పెద్దాయనతో వచ్చాడు. హెడ్మాస్టర్ గారికి బీపీ పెరిగింది. శనివారం ప్రోగ్రాం అయ్యేదాకా ఇద్దర్నీ ఇంటి దగ్గరే ఉంచుదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంటి దగ్గర కూర్చోబెడితే ఇద్దరి చేతుల్లోనూ ఉండేది ఫోనే.

నేను చేసిన తప్పు

గురువారం రెండో పీరియడ్‌లో బోర్డు మీద నిలువుగా గీత గీశాను. ఒక వైపు "నిజాం పాలనలో మంచి", ఇంకో వైపు "చెడు". సమతూకంగా ఉంటుందనుకున్నాను.

అమ్మాయి గబగబా చెప్పింది: ఉస్మానియా ఆస్పత్రి, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, హైకోర్టు. నిజాంసాగర్ నేను కలిపాను, మంజీర మీద 1931లో పూర్తయిందని. అబ్బాయి వైపు నుంచి వెట్టిచాకిరి, రజాకార్లు (అప్పటి మజ్లిస్ సాయుధ దళం), తెలుగు చదువు లేకపోవడం. పావుగంటలో క్లాసు కబడ్డీ కోర్టయింది. ఒక్కో పేరు పడగానే ఆ వైపు వాళ్ళు చప్పట్లు. ఆస్పత్రికి చప్పట్లు, తగలబడిన ఇళ్ళకీ చప్పట్లు. అది విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. చేత్తోనే బోర్డు తుడిచేశాను.

ఆ గీత ఎందుకు తప్పో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. 1908 మూసీ వరద తర్వాత చెరువులు తవ్వించడం ఒక రాజ్యం చేయాల్సిన పని. మంచి పనే, రాసుకోవాల్సిందే. కానీ రజాకార్ల చేతిలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఉస్మాన్ సాగర్ జవాబు కాదు. అలాగే రజాకార్ల పేరు చెప్పి, 1948లో సైన్యం వచ్చాక చంపి బావిలో పడేసిన ఒక ముస్లిం రైతుకు లెక్క సరిపెట్టలేం. త్రాసులో పెట్టామంటే ఒకరి దుఃఖాన్ని ఇంకొకరి దుఃఖంతో కొట్టేస్తున్నట్టే. మనలాంటి వాళ్ళం మంచి మనసుతోనే ఈ తప్పు చేస్తుంటాం.

ఇంకో తప్పు కూడా చేయబోయి ఆగాను. "ఇదంతా దొరలకూ రైతులకూ మధ్య గొడవ, మతానికేం సంబంధం లేదు" అని చెప్పేద్దామనుకున్నాను. అది సగం నిజం. విసునూరు దేశ్‌ముఖ్, అంటే అక్కడి పెద్ద దొర, హిందువే. ఆ దొరకు ఎదురు తిరిగి కోర్టుకెక్కి, దొర మనుషుల చేతిలో చనిపోయిన షేక్ బందగీ ముస్లిం రైతు. కానీ మిగతా సగమూ నిజమే. రాజ్యాధికారంలో ప్రతి ముస్లిమూ భాగస్వామే అనే "అనల్ మలిక్" సిద్ధాంతాన్ని మజ్లిస్ ఆ రోజుల్లో బాహాటంగా చెప్పింది. జనాభాలో ఎనభై శాతం పైన హిందువులున్న రాజ్యంలో పెద్ద ఉద్యోగాలు ఎక్కువగా ముస్లింల చేతిలో ఉండేవి. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద అనుమతి కావాలి. 1921లో హైదరాబాద్ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు, ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఈ బాధకు మతం రంగు లేదని చెబితే ఆ అబ్బాయి నన్ను నమ్మడు. నమ్మకూడదు కూడా.

అయితే ఆ రాజ్యంలో భాగస్వామి అని పిలిపించుకున్న మామూలు ముస్లింకు దక్కిందేమిటి? దూదేకుకునేవాడు, జట్కా తోలేవాడు, మగ్గం నేసేవాడు. మాట ఒక్కటే దక్కింది. ఆ మాటకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది కూడా వాళ్ళే.

"మన" తీసేసి "మా" పెట్టాను

ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించిన మాటే నాకు దారి చూపింది. తెలుగులో మనకున్న గొప్ప సౌకర్యం అది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే "మన", కలుపుకోకపోతే "మా". ఆ అబ్బాయి "మనకు" అని రాసి ఆ అమ్మాయిని బయట నిలబెట్టాడు. తెలిసి చేయలేదు. అందుకని, ముందు ఎవరి "మా" వాళ్ళు తెలుసుకోనీ అనుకున్నాను.

పదిహేడో తేదీ జెండా కార్యక్రమం మామూలుగా జరిగిపోయింది. అబ్బాయి, అమ్మాయి చెరో చివర నిలబడ్డారు. దసరా సెలవులు ఇచ్చే ముందు రోజు క్లాసులో ముప్ఫై ఎనిమిది మందికీ తలా ఒక వంద పేజీల నోట్‌బుక్ ఇచ్చాను. ఇంట్లోనో, వాడలోనో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఐదు ప్రశ్నలు అడగమన్నాను. 1948లో మీ ఇల్లు ఏ ఊళ్ళో? నీకు ఎన్నేళ్ళు? ఎవరొచ్చారు, వాళ్ళకు దారి చూపింది ఎవరు? ఏం పోయింది? ఎవరు అన్నం పెట్టారు? ఒకే ఒక్క షరతు: నిజాం మంచోడా చెడ్డోడా అని అడగకూడదు.

చివరి ప్రశ్న నాకు సుందర్‌లాల్ కమిటీ వల్ల తట్టింది. 1948 నవంబర్ చివర్లో కేంద్రం పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం ఇక్కడికొచ్చి దాదాపు మూడు వారాలు జిల్లాలు తిరిగింది. పోలీస్ యాక్షన్ (1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ మీదికి వచ్చిన చర్య) సమయంలోనూ ఆ తర్వాతా మొత్తం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని ఆ నివేదిక అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ నష్టపోయాయి. చాలా దశాబ్దాలు దాన్ని బయటపెట్టలేదు. అందులోనే ఇంకో మాట ఉంది: కొన్ని చోట్ల హిందూ నేతగాళ్ళు, తోటి ముస్లిం నేతగాళ్ళను కాపాడబోయి తమ ప్రాణాలే పోగొట్టుకున్నారని. మగ్గం పక్కన మగ్గం ఉన్నవాళ్ళు వాళ్ళు.

నోట్‌బుక్కులు

ముప్ఫై ఒకటి తిరిగొచ్చాయి. సగానికి పైగా ఇళ్ళల్లో చెప్పేవాళ్ళే మిగల్లేదు. ఉన్నచోట్ల కొందరు పేజీలకు పేజీలు రాసుకొచ్చారు.

అబ్బాయి నోట్‌బుక్ పదకొండు పేజీలు. వాళ్ళ తాత సొంతూరు భైరాన్‌పల్లి వైపే. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లి బురుజు దగ్గర రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి దాదాపు తొంభై మందిని చంపారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. తాత ఊరు అది కాదు, దాని పక్క పల్లె. అబ్బాయి తాత మాటలు ఎలా ఉన్నవి అలాగే దించాడు:

"రజాకార్లొచ్చిండ్రంటే ఊరంత మక్క చేన్లల్లకు ఉరికేటోళ్ళం. మా అన్నకు కాలు బాగలేకుండె, ఉరకలేదు. పాతరల జొన్నలు దాచినం. ఏ ఇంట్ల పాతరున్నదో వాళ్ళకేమెరుక? చూపెట్టింది మా పోలీస్ పటేలే."

పోలీస్ పటేల్ అంటే ఊళ్ళో పోలీసు పనులు చూసే గ్రామాధికారి. దాని కింద అబ్బాయి తన ప్రశ్న రాసుకున్నాడు: "పోలీస్ పటేల్ అంటే ముస్లిమా తాతా?" దానికి తాత జవాబు ఒకే లైను: "మనోడే బిడ్డా. మనకు చుట్టం గూడ."

ఆ లైను కింద పెన్నుతో రెండు సార్లు గీశాడు. ఇంకేమీ రాయలేదు. నేనూ మార్జిన్‌లో ఏమీ రాయలేదు. అక్కడ టీచర్ వ్యాఖ్య రాస్తే పిల్లవాడు చూసిన దాన్ని పాడుచేసినట్టే.

అమ్మాయి నోట్‌బుక్ మాత్రం దాదాపు ఖాళీ. మొదటి పేజీలో "మా దాదీది బీదర్ జిల్లా. చెప్పను అంది. అడగొద్దు అంది." అంతే. దాదీ అంటే నాన్నమ్మ. సెలవుల్లో మూడు సార్లు అడిగిందట, మూడు సార్లూ దాదీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయిందట. పిల్ల నాతో, "సార్, నాకు మార్కులు పోతాయా?" అంది. మార్కుల లెక్క లేదమ్మా అన్నాను.

ఈ పని చేసేవాళ్ళకు ఇది ముఖ్యం. రజాకార్ల కాలం గురించి తెలంగాణ హిందూ ఇళ్ళల్లో కథలున్నాయి, పాటలున్నాయి, స్తూపాలున్నాయి. పోలీస్ యాక్షన్ తర్వాత జరిగినదానికి ముస్లిం ఇళ్ళల్లో చాలా చోట్ల ఉన్నది మౌనం. ఆ అమ్మాయికి ఉస్మానియా ఆస్పత్రి గురించి తెలుసు, ముత్తాత ఎలా పోయాడో తెలియదు. చెప్పుకోవడానికి ఇంట్లో ఏమీ లేనప్పుడు పిల్లలు రాజుల భవనాలు పట్టుకుంటారు. ఈ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

రసీదు

నవంబర్‌లో నాలుగు పీరియడ్లు నోట్‌బుక్కుల మీదే నడిచాయి. భైరాన్‌పల్లి చెప్పాను. సుందర్‌లాల్ నివేదికా చెప్పాను, అంకెలతో సహా. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ గురించి చెప్పాను. ఇండియన్ యూనియన్‌లో కలవాలని, రజాకార్లు తప్పని ఉర్దూలో రాసినందుకు 1948 ఆగస్టులో ఆయన్ను హైదరాబాద్ నడిబొడ్డున చంపారు, రాసే చేతిని నరికారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి పక్కన మఖ్దూం మొహియుద్దీన్ పేరుంది. అబ్బాయి చెయ్యెత్తాడు: "నిజాంను జైల్లో పెట్టిండ్రా సార్?" లేదన్నాను. 1950 నుంచి 1956 దాకా అదే హైదరాబాద్‌కు రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో, ఉన్నాడని, ఏటా 50 లక్షల రాజభరణం అందిందని చెప్పాను. అబ్బాయి చాలాసేపు బోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

డిసెంబర్‌లో ఒక రోజు అమ్మాయి ఇంటర్వెల్‌లో వచ్చి, పాలిథిన్ కవర్లో నాలుగు మడతల కాగితం చూపించింది. దాదీ రేకు పెట్టెలో దొరికిందట. ఉర్దూలో ఉంది. పిల్ల చదివింది తెలుగు మీడియం, కాగితం మీది గొలుసుకట్టు రాత వాళ్ళ నాన్నకూ అర్థం కాలేదు. అది బీదర్‌లో భూమి పట్టా అయి ఉండొచ్చని వాళ్ళ నాన్నకు ఆశ.

మా ఊళ్ళో ఆ రాత చదవగలిగిన మనిషి ఎవరని వెతికితే అబ్బాయి తాతే దొరికాడు. నిజాం కాలంలో మొదలైన చదువు, ఆయనది ఉర్దూ మీడియం. తన భాషలో చదువు దొరకలేదన్న బాధ ఆయనకు ఇప్పటికీ ఉంది. అదే చదువుతో చాలా ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ పాత పహాణీలు చదివిపెట్టాడు.

రెండు ఇళ్ళకూ వెళ్ళి అడిగాను. అబ్బాయి నాన్న వద్దన్నాడు. తాత వస్తానన్నాడు. ఒక శనివారం బడి వదిలాక, లైబ్రరీ గదిలో రెండు కుర్చీలు వేశాం. దాదీ బురఖా మీద శాలువా కప్పుకుని మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. తాత కళ్ళద్దాలు తుడుచుకుని, కాగితాన్ని టేబుల్ మీద అరచేత్తో సాపు చేశాడు. మడతల దగ్గర చినుగుతోందని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నట్టనిపించింది.

"పట్టా గాదు బిడ్డా," అన్నాడు అమ్మాయితో. "మాల్‌గుజారీ రసీదు. శిస్తు గట్టినట్టు. 1356 ఫసలీ." ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఇది మన లెక్కలో 1946-47. సర్వే నంబరు చదివాడు. ఏడు రూపాయల నాలుగు అణాలు, హాలీ సిక్కా, అంటే నిజాం నాణెం. ఆ తర్వాత పేరు చదివాడు, తండ్రి పేరుతో సహా, నిండుగా, ఉర్దూలో ఎలా పలకాలో అలా.

దాదీ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పేరు ఆమె అబ్బాది, అంటే నాన్నది. ఇంకొకరి నోట ఎన్నేళ్ళకు విన్నదో. చాలాసేపటికి దక్కనీ, తెలుగు కలిపి మూడు ముక్కలు చెప్పింది: "మా చిన్న చాచా ఖాకీ తొడిగిండు. అబ్బా తొడగలే, ఒద్దన్నడు. బావిల ఇద్దరు ఉన్నరు." ఖాకీ అంటే రజాకార్ల దుస్తులు.

ఎవరం మాట్లాడలేదు. తాత కాగితాన్ని పాత మడతల మీదే మడిచి కవర్లో పెట్టి, రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు.

"అప్పుడు నీకెన్నేండ్లు ఆపా?"

"ఏడు."

"నాకు తొమ్మిది," అన్నాడు. తన అన్న సంగతి చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు.

ఏం మారింది, ఏం మారలేదు

ఇద్దరు పిల్లలూ స్నేహితులయ్యారని రాయలేను. కాలేదు. పరీక్షలయ్యేదాకా వేర్వేరు బెంచీల్లోనే కూర్చున్నారు. అబ్బాయి నాన్న ఆ రోజు తర్వాత మీటింగులకు రావడం మానేశాడు. అమ్మాయి నాన్నకు అది పట్టా కాదన్న నిరాశ మిగిలింది, తాత సరిగ్గా చదివాడా లేదా అని ఇంకొకరికి చూపించాడని తర్వాత తెలిసింది. ఆ అనుమానానికి నాకు కోపం రాలేదు. 1948 నుంచి ఎవరి కాగితం ఎవరు నిజాయితీగా చదివారు గనక?

మారింది ఒకటుంది. జనవరిలో గోడపత్రిక మళ్ళీ పెట్టాం. ఈసారి హెడ్డింగు వాళ్ళే నిర్ణయించుకున్నారు: "1948: మా ఇంట్లో". పద్నాలుగు మంది రాశారు. అబ్బాయి పోలీస్ పటేల్ లైనుతో సహా రాశాడు. వాళ్ళ బంధువుల్లో ఒకరిద్దరు వచ్చి ఆ లైను తీసేయమన్నారు, తీయనన్నాడు. అమ్మాయి రసీదు జిరాక్స్ అంటించి, కింద సర్వే నంబరు, ఫసలీ, పేరు రాసింది. బావి మాట రాయలేదు. దాదీ వద్దందట. ఆ మాటను ఇక్కడ నేను రాయడానికి మాత్రం ఈ ఏడు వెళ్ళి ఆమెనే అడిగాను. ఊరు పేరు రాయకపోతే సరే అంది.

ఈ పని చేయాలనుకునే టీచర్లకు నా అనుభవంలో తేలినవి చెప్తాను. సెప్టెంబర్‌లో మొదలుపెట్టకండి, అప్పటికి ఊరి గాలి వేడెక్కి ఉంటుంది. జూలైలో నోట్‌బుక్కులు ఇచ్చి దసరా తర్వాత విప్పండి. హెడ్మాస్టర్ అనుమతి కాగితం మీద తీసుకోండి. రెండు వైపులా సమానంగా కథలు రావాలని చూడకండి, రావు. ఒక వైపు పదకొండు పేజీలు, ఇంకో వైపు ఖాళీ పేజీ వస్తే ఆ ఖాళీ పేజీని కూడా వచ్చినట్టే లెక్కపెట్టండి. పెద్దవాళ్ళు చెప్పేటప్పుడు ఫోన్లో రికార్డు చేయించకండి, ఆ క్లిప్ ఎక్కడికి పోతుందో మీ చేతుల్లో ఉండదు. పెద్దవాళ్ళతో ఆలస్యం చేయకండి. ఆ ఏడు తొమ్మిదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై అయిదు దాటింది.

తాత 2024లో పోయాడు. దశదినకర్మ రోజు నేను వెళ్ళేసరికి అమ్మాయి నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో రెండు కిలోల చక్కెర సంచితో. లోపలికి రావాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాడు. అబ్బాయి చూసి బయటికి వచ్చాడు. "రండి చాచా," అన్నాడు.